వారించినా వినలేదు

మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ మొదటి వారంలో ప్రమాదాల జాబితా ఒకటి చదివి వినిపిస్తారు. ఎక్కడ జరిగింది, ఎవరు పోయారు, కారణం ఏమిటి అని అందులో మూడు గడులుంటాయి. గోదావరి వరద తగ్గాక బూర్గంపాడు వైపు ఒక ఊళ్ళో జరిగిన చావు కూడా ఆ జాబితాకెక్కింది. కారణం గడిలో ఇలా ఉంటుంది: ‘పనితో సంబంధం లేని బయటి వ్యక్తి, సిబ్బంది వారించినా వినకుండా తీగ పట్టుకున్నాడు.’ ఆ వాక్యం కింద సంతకం నాది. నిజానికి ఆ మనిషిని ఎవరూ వారించలేదు. పట్టుకోమని చెప్పింది నేను.

పిల్లలూ, మీరు అది విని ‘పాపం, మొండివాడు’ అనుకుని తర్వాతి పేరుకు వెళ్ళిపోతారు. మీ వయసులో నేనైనా అంతే చేసేవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను. ముప్ఫై ఆరేళ్ళు కరెంటు స్తంభాలతో బతికాను. హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. భద్రతా వారోత్సవాలు వచ్చాయంటే మా సెక్షన్‌లో ఉపన్యాసం నాదే. గ్లౌజులు లేకుండా స్తంభం ఎక్కినవాణ్ణి కిందికి దింపి అందరి ముందు తిట్టేవాణ్ణి. నా నోటికి జడిసి కొందరు నేను వస్తున్నానంటే హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు, నా బండి మలుపు తిరగగానే తీసేసేవాళ్ళు. అంతటి పెద్దమనిషి చేసిన పని ఇది.

ఆ ఏడు గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఇంకా పైకి వచ్చింది. నేను చెబుతున్న ఊరు ఏటి ఒడ్డున ఉంటుంది. కింద రైతుల ఇళ్ళు, పైన అడవి అంచున కోయ గూడెం. ఊరంతా మునిగి, జనమంతా మెరక మీదున్న బడిలో తలదాచుకున్నారు. నీళ్ళు దిగిపోయాక మిగిలింది బురద. ఇళ్ళల్లో మోకాలి లోతు, వీధుల్లో అంతకన్నా ఎక్కువ. స్తంభాలు కొన్ని పడిపోయాయి, కొన్ని వాలిపోయాయి. మీటర్ డబ్బా మూత తీస్తే లోపల్నుంచి చేపపిల్ల పడింది. అప్పుడు అందరం నవ్వాం. ఆ వారంలో నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

మనుషులు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఎవరూ పిలవలేదు. పాల్వంచ నుంచి ఒక మంగలాయన పెట్టె పట్టుకొచ్చి, బడి వరండాలో కూర్చుని మూడు రోజులు మగవాళ్ళందరికీ గడ్డాలు గీశాడు. గడ్డం గీయించుకున్న ముసలాళ్ళు కాస్త తేరుకున్నట్టు కనిపించేవాళ్ళు. అశ్వారావుపేట నుంచి పామాయిల్ మిల్లులో పనిచేసే నలుగురు సెలవు పెట్టుకుని, ఒక జనరేటర్ కిరాయికి తీసుకుని వచ్చారు. దానితో బడిలో లైట్లు వెలిగేవి, ఫోన్లు చార్జింగ్ అయ్యేవి. అరటిపండు చేతిలో పెట్టి ఫోటో దిగి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ గురించి రాస్తే నా పాత నోరు లేస్తుంది, వద్దు.

పెనుబల్లి వైపు ఒక ఊరి నుంచి పన్నెండు మంది రైతులు రెండు ట్రాక్టర్లలో వచ్చారు. గడ్డపారలు, పారలు, మోకులు వాళ్ళవే. అన్నం మూటలు కూడా తెచ్చుకున్నారు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు. వాళ్ళకు పెద్దగా ఉన్నాయన నలభై దాటినవాడు, తలకు తువాలు చుట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. పులిహోర పొట్లాలు పంచడం తమకు చేతకాదని, మట్టి పని ఏదైనా ఉంటే చెప్పమని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆరు గుంటలు తవ్వాలి, ఆరు స్తంభాలు నిలబెట్టాలి, మా దగ్గర ఉన్నది నలుగురు. క్రేన్ వచ్చి మొదటి సందులోనే దిగబడిపోయింది.

ఆ పన్నెండు మంది స్తంభాలను భుజాల మీద మోశారు. సిమెంటు స్తంభం బురదలో మోయడమంటే ఏమిటో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఒకడి కాలు జారితే పదకొండు మంది నడుములు పోతాయి. ఆయన ముందు నడుస్తూ, పాదం మోపే చోటు కర్రతో పొడిచి చూసి, ‘ఇక్కడ గట్టిగుంది, రండి’ అనేవాడు. ఏ పనైనా రెండుసార్లు అడిగేవాడు. ఈ గుంట ఎంత లోతు బాబాయ్? ఐదడుగులు. ఐదంటే ఐదేనా? నన్ను బాబాయ్ అనేవాడు. మొదట చిరాకేసింది, రెండో రోజుకు అలవాటైంది, మూడో రోజు ఆయన అడగకపోతే నేనే వెనక్కి తిరిగి చూశాను.

మా లైన్‌మన్ గురించి చెప్పాలి. పక్క గూడెం అబ్బాయి, కోయవాడు. వాడి ఇల్లూ మునిగింది. భార్యాపిల్లలు అదే బడిలో ఉన్నారు. నాలుగు రోజులుగా వాడు ఇంటి సంగతి చూసుకోలేదు, నేనూ వెళ్ళమనలేదు. తక్కువ మాట్లాడతాడు. స్తంభం మీద వాడి చేతులు చూస్తుంటే నా ఉపన్యాసాలన్నీ దండగ అనిపించేది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి స్తంభాలన్నీ నిలబడ్డాయి. ఇక తీగలు లాగడమే మిగిలింది. ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పక తప్పదు. లైను మీద పని చేసేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుంటాం, మనం ఎల్‌సీ అంటాం. ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు మనం తిరిగి అప్పజెప్పేదాకా అటునుంచి కరెంటు రాదు. ఆ తర్వాత ఎర్త్ రాడ్లతో తీగలన్నీ కలిపి నేలకు తగిలిస్తాం. అప్పుడు కరెంటు ఏ దిక్కు నుంచి వచ్చినా నేలలోకి పోతుంది, మనిషిలోకి రాదు. మొదటిది కాగితం, రెండోది ప్రాణం. ఈ ముక్క నేను వందల మందికి చెప్పి ఉంటాను.

ఆ రోజు మా ఎర్త్ రాడ్లు పక్క ఊళ్ళో పెద్ద లైను మీద పనిచేస్తున్న బృందం దగ్గరున్నాయి. ఉన్నది ఒక్కటే సెట్టు, మిగతావి స్టోరుతో పాటు మునిగాయి. మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కుర్రవాడు, మొదటి పోస్టింగ్, మంచివాడు. పైవాళ్ళు అతన్ని తరుముతుంటే అతను నన్ను తరుముతున్నాడు. మర్నాడు పెద్దలెవరో బడికి వస్తున్నారట, సాయంత్రానికి ఊళ్ళో లైట్లు వెలగాలట. పెనుబల్లి వాళ్ళు కూడా ఆ సాయంత్రమే వెళ్ళిపోవాలి, ఇంటి దగ్గర నాట్లు ఆగి ఉన్నాయి.

‘సారు, రాడ్లు వచ్చేదాంక ఆగుదం. గంటల వస్తయంట’ అన్నాడు లైన్‌మన్.

ఎల్‌సీ ఉంది కదా, ఇంకెక్కణ్ణుంచి వస్తుందిరా కరెంటు అన్నాను. వాడు నా మొహం చూశాడు. గ్లౌజులు తొడుక్కున్నాడు. ఉన్న మంచి జత అదొక్కటే.

ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు, అదే నన్ను తినేసేది. ఆ పొద్దున బడి దగ్గర ఉప్మా తిన్నాను. జనరేటర్ నుంచి లావుపాటి వైరు నేరుగా బడి స్విచ్ బోర్డులోకి వెళ్ళడం చూశాను. మెయిన్ ఫ్యూజు తీయలేదు. తీయకపోతే జనరేటర్ కరెంటు బడిలో ఆగదు, సర్వీసు వైరు గుండా వెనక్కి స్తంభం మీదికి వస్తుంది. ఫ్యూజు పీకేయమని వాళ్ళకు చెప్పాలి అనుకున్నాను. ఉప్మా ముద్ద నోట్లో ఉంది. అప్పుడే ఏఈ ఫోన్ చేశాడు. మాట్లాడుతూనే బండెక్కాను. ఇంతే జరిగింది. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని చాలా వెతుక్కున్నాను, దొరకలేదు.

చీకటి పడితేనే జనరేటర్ వేస్తామని మిల్లువాళ్ళు చెప్పారు కూడా, డీజిల్ పొదుపుకోసం. కానీ ఆ మధ్యాహ్నం తాగునీళ్ళ ట్యాంకర్ దారిలో దిగబడింది. బడిలో నీళ్ళు అయిపోయాయి. బోరు మోటారు కాసేపు తిప్పుదామని ఆ నలుగురిలో ఒకాయన జనరేటర్ స్టార్ట్ చేశాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

అప్పటికి లైన్‌మన్ బడి వైపు స్తంభం మీద తీగను కలిపేసి, ఇవతలి స్తంభం దగ్గరికి వచ్చి ఎక్కుతున్నాడు. వాడు పైకి చేరేదాకా తీగ చివర ఎవరో ఒకరు బిగించి పట్టుకోవాలి. మోకుతో కట్టి ఉంచుదామంటే తడిసి జారుతోంది. నువ్వు పట్టుకో తమ్ముడూ అని పెనుబల్లి ఆయనకు చెప్పాను.

‘కరెంటు లేదుగా బాబాయ్?’ అన్నాడు.

‘ఎల్‌సీ నా జేబులో ఉంది. పట్టుకో’ అన్నాను.

‘లేదంటే లేదేనా?’

‘లేదయ్యా. పట్టుకో.’

పట్టుకున్నాడు. మోకాలి లోతు బురదలో నిలబడి, రెండు చేతులతో. మిగతా పదకొండు మంది అవతలి వీధిలో ట్రాక్టరుకు పనిముట్లు ఎక్కిస్తున్నారు. ట్రాక్టరు ఇంజిన్ మోతలో బడి దగ్గర జనరేటర్ మోత వినపడలేదు. ఆయన మాట్లాడలేదు, అరవలేదు. నా వైపే చూస్తున్నాడు. ఏదో అడగబోతున్నాడు అనుకున్నాను. లైన్‌మన్ పైనుంచి చూసి, సగం ఎత్తు నుంచి దూకి, ఎండు వెదురు కర్రతో తీగను కొట్టి విడిపించాడు. అప్పటికే అయిపోయింది. వాడు ఆయన గుండె మీద చేతులు పెట్టి ఒత్తుతూనే ఉన్నాడు. ట్రాక్టరులో బూర్గంపాడు దవాఖానాకు తీసుకుపోయేదాకా ఒత్తుతూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన కాళ్ళ బురద తుడిచాను. ఎందుకు తుడిచానో తెలియదు.

దవాఖానా వరండాలో ఏఈ కాగితం తెచ్చాడు. అతను చెప్పింది ఇది: ఉన్నది ఉన్నట్టు రాస్తే జనరేటర్ వేసిన మిల్లాయన మీద కేసు అవుతుంది, మంచి చేద్దామని వచ్చినవాడు జైలుకు పోతాడు. నేను సస్పెండవుతాను, రెండేళ్ళలో రిటైర్మెంటు. లైన్‌మన్ ఉద్యోగం పోతుంది. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. అతను చెప్పినవన్నీ నిజాలే. ఆ మిల్లాయన అప్పటికే బయట గోడకు తల కొట్టుకుంటూ, తనను తీసుకుపొమ్మని పోలీసులను బతిమాలుతున్నాడు. ఆయన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే సంతకం తేలిగ్గా పడింది. ‘వారించినా’ అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది, అంతే.

సాక్షి సంతకానికి కాగితం లైన్‌మన్ ముందు పెట్టారు. వాడు చివరిదాకా చదివాడు.

‘మీరు పెట్టిన్రు గద సారు. నేను గూడ పెడ్త’ అన్నాడు.

ఆ తర్వాత వాడు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నా రిటైర్మెంటు సభలో దండ వేశాడు, చేతులు జోడించాడు, వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. అందరూ నా గురించి క్రమశిక్షణ, క్రమశిక్షణ అని మాట్లాడుతుంటే వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ప్రమాదం జరిగిన నెలకు, నేనింకా ఉద్యోగంలో ఉండగానే, చనిపోయినాయన భార్య మా సెక్షన్ ఆఫీసుకు వచ్చింది. మరిది బయట మోటార్‌సైకిల్ దగ్గర నిలబడ్డాడు. ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో ఆ కాగితం నకలు ఉంది. ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

‘మా ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపేవాడండి. ఆపాక నన్ను వెళ్ళి చూసి రమ్మనేవాడు. నేను ఆగిందని చెప్పినా మళ్ళీ తను వెళ్ళి చూసుకునేవాడు. అట్లాంటి మనిషి, వద్దంటే వినకుండా తీగ పట్టుకున్నాడంటే నాకు నమ్మకం కుదరట్లేదు. మీరు వద్దన్నారా సార్?’

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకొకటి రాదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను టేబుల్ మీది రిజిస్టరు వైపు చూస్తూ, తొందరలో పట్టుకున్నాడమ్మా అన్నాను. వద్దన్నారా అని మళ్ళీ అడిగింది. ఆవిడా రెండుసార్లు అడిగే మనిషే. అవునన్నట్టు తలూపాను. నోటితో అనలేదు కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని ఆ రోజు అనుకున్నాను. సిగ్గులేని ఆలోచన. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రిటైరయ్యాక మనిషికి బోలెడంత ఖాళీ దొరుకుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫోన్లు మోగుతాయి, మోగే ఫోన్ ఉంటే మనసు మాట వినక్కర్లేదు. నా ఫోన్ మోగడం మానేసింది. ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగినప్పుడు నేను కూడా వెళ్ళాను. కరెంటు పనివాణ్ణి కాబట్టి బురద కడిగిన ఇళ్ళల్లో వైరింగు చూసి, పనికిరాని స్విచ్ బోర్డులు విప్పి పెట్టే పని ఇచ్చారు. పది రోజులు చేశాను. ప్రతి ఇంట్లో ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. బయట ట్రాక్టర్లు మట్టి మోస్తుంటే తలలు లెక్కపెట్టినట్టు ఒక్కో మొహం చూసేవాణ్ణి. ఆ పదకొండు మందిలో ఎవరైనా కనిపిస్తారేమో, కనిపిస్తే ఇక్కడే చెప్పేద్దామని. ఎవరూ కనిపించలేదు.

చివరికి మిరపకాయలు కోతకు వచ్చే రోజుల్లో నేనే వాళ్ళ ఊరికి వెళ్ళాను. అంతకుముందు ఆఫీసుకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. మిల్లాయన ప్రస్తావన తేకుండా, రాడ్లు వేయకుండా పని చేయించింది నేను, తీగ పట్టుకోమన్నది నేను అని. ఆ ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. కొత్త పిల్లలకు చదివే జాబితాలో మాత్రం పాత వాక్యమే ఉంది.

ఆమె ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేయించింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. రాడ్ల సంగతి, ఉప్మా సంగతి, కరెంటు లేదు కదా అని ఆయన రెండుసార్లు అడిగిన సంగతి, లేదని నేను అన్న సంగతి. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. ఆమె చేతులు పని ఆపలేదు. తొడిమలు తీస్తూనే విన్నది. అయ్యాక మరిదిని పిలిచింది. ఆ పదకొండు మందిలో ఊళ్ళో ఉన్నవాళ్ళను పిలుచుకు రమ్మంది. ఐదుగురు వచ్చారు.

‘ఆ మాట వీళ్ళ ముందు కూడా చెప్పండి’ అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకా కష్టమైంది. వాళ్ళు కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. వాళ్ళలో పెద్దాయన, దవాఖానా నుంచి ఊరికి శవాన్ని ట్రాక్టరులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినాయన, తువాలుతో మొహం తుడుచుకుని మాట్లాడాడు.

‘వాడు చెప్పినా వినలేదని ఊళ్ళో అందరూ అదే అన్నారండి. వాడెందుకు చెయ్యి పెట్టాడు అన్నారు. మేం అవతలి వీధిలో ఉన్నాం, ఏం చెబుతాం? మొన్న ఖమ్మం మునిగినప్పుడు మళ్ళీ బయల్దేరదామనుకున్నాం. బండ్లకు డీజిల్ కొట్టించాం, పారలు ఎక్కించాం. ఇళ్ళల్లో ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. సాయానికి పోతే చస్తారు, చచ్చాక వద్దన్నా వినలేదని రాస్తారు అన్నారు. పారలు దించేశాం.’

నేను ఆమె వైపు చూశాను. ఒళ్ళో మిరపకాయలు గంపలోకి దులిపి, నిలబడింది.

‘ముందు అడ్డం పడింది నేనేనండి’ అంది. ‘ట్రాక్టరు తాళాలు తీసి దాచింది కూడా నేనే.’